లంబసింగి నుంచి తాజంగి దాకా

చలికాలం వచ్చిందంటే చాలు, మనవాళ్ళకి లంబసింగి గుర్తొస్తుంది. అర్ధరాత్రి విశాఖపట్నంలో కార్లెక్కుతారు. తెల్లవారుజామున నాలుగింటికి కొండ మీద దిగుతారు. స్వెట్టర్లూ, మంకీ టోపీలూ, పైన శాలువలూ! నాలుగు పుల్లలు పోగేసి మంట వేసుకుని చేతులు కాచుకుంటారు. మంచు చూస్తారు. మంచులో తమ ఫొటోలు తామే తీసుకుంటారు. వేడి వేడి టీ తాగి, ఎండ మొహం కనిపించగానే మళ్ళీ కార్లెక్కి మధ్యాహ్నం భోజనం వేళకి ఇంటికొచ్చేస్తారు. "లంబసింగి చూసొచ్చామండీ" అని పక్కింటి వాళ్ళతో చెబుతారు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ మంచు చూడముచ్చటగానే వుంటుంది. చిక్కేమిటంటే అది వూరినంతా కప్పేస్తుంది. చూడవలసినవన్నీ దాని వెనకాల వుండిపోతాయి. నేను చెప్పబోయేది మంచు విడిపోయి, చుట్టాలంతా వెళ్ళిపోయాక, కాస్త ఎండ పొడలో కనిపించే లంబసింగి సంగతి.

ఈ వూరికి ఇంకో పేరుంది. కొర్రబయలు. కొర్ర అంటే కట్టె. రాత్రి బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు వచ్చిందంటారు అక్కడివాళ్ళు. సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున వుంది. డిసెంబరు, జనవరి నెలల్లో ఒక్కోరోజు చలి సున్న డిగ్రీల దగ్గరికి దిగుతుంది. అందుకని దీనికి 'ఆంధ్రా కాశ్మీరు' అని బిరుదు తగిలించారు. మనకి ఏదైనా బాగుందనిపిస్తే దానికి ఇంకో చోటి పేరు పెడితేగాని తృప్తి వుండదు గదా! కోనసీమని కేరళ అంటాం, అరకుని ఊటీ అంటాం, లంబసింగిని కాశ్మీరు అంటాం. కొర్రబయలు అనే చక్కని తెలుగు పేరు మాత్రం ఎవరికీ పట్టలేదు.

లంబసింగి కూడలి నుంచి తాజంగి జలాశయం దాకా ఆరేడు కిలోమీటర్లుంటుంది. నాకు ఈ భూమ్మీద బాగా ఇష్టమైన నడకదారి అదే. చురుగ్గా నడిచేవాళ్ళకి గంటన్నర పని. నాకు మూడున్నర గంటలు పడుతుంది. "నువ్వు నడవటానికి వచ్చావా, చెట్లకి హాజరు వెయ్యటానికి వచ్చావా?" అంటారు మావారు. నిజానికి రెండోదే. బి.ఏ.లో నేను చదువుకున్న చరిత్రలో రాజులూ, గవర్నర్లూ, వాళ్ళ యుద్ధాలూ వుండేవి. చెట్లు వుండేవి కావు. ఈ దారిలో నాలుగైదుసార్లు నడిచాక తెలిసింది, ఒక్కో చెట్టూ ఒక్కో పాఠం పట్టుకుని రోడ్డు పక్కన నిలబడి వుందని.

చెట్ల దాకా వెళ్ళేముందు ఆ కొండెక్కించిన రోడ్డు సంగతి చెప్పాలి. నర్సీపట్నం నుంచి లంబసింగికి సుమారు 30 కిలోమీటర్లు. అదే రోడ్డు ముందుకి చింతపల్లి వెళుతుంది. ఇప్పుడు మనం బస్సులో కునుకు తీస్తూ ఎక్కేస్తాం. 1920ల మొదట్లో గూడెం ప్రాంతానికి బాస్టియన్ అని ఒక డిప్యూటీ తాసీల్దారు వుండేవాడు. నర్సీపట్నం నుంచి చింతపల్లికి అడవిని చీలుస్తూ రోడ్డు వేయించే పని ఆయన హయాంలో సాగింది. కొండవాళ్ళని బలవంతాన పనిలోకి తోలేవారు. ఇవ్వవలసిన కూలి ఇచ్చేవారు కాదు. రానన్నవాడికి దెబ్బలు. మన్యం తిరుగుబాటు ఎందుకు పుట్టిందో రాసిన చరిత్రకారులు చాలామంది ఈ రోడ్డు పని దగ్గర ఆగుతారు. గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ములు బాస్టియన్ చేతిలో నలిగిపోయినవాళ్ళే. ఆ ఇద్దరే తరవాత అల్లూరి సీతారామరాజుకి రెండు చేతులయ్యారు.

1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు. 26 తుపాకులూ, 2,500 పైచిలుకు తూటాలూ తిరుగుబాటుదార్ల చేతికొచ్చాయి. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజుని కాల్చి చంపేదాకా, దాదాపు రెండేళ్ళు ఈ కొండలు తెల్లదొరలకి నిద్ర లేకుండా చేశాయి. ఇవన్నీ మనకి తెలిసినవే. ఆ రోజుల్లో రాళ్ళు కొట్టి, మట్టి మోసినవాళ్ళలో ఆడవాళ్ళు కూడా వుండే వుంటారు. వాళ్ళ పేర్లు నాకే పుస్తకంలోనూ కనిపించలేదు. బాస్టియన్ పేరు మాత్రం నూరేళ్ళుగా నిలిచి వుంది. చరిత్రలో పేరు నిలబడటానికి మంచివాళ్ళు కానక్కర్లేదు కాబోలు!

సరే, నడక మొదలెడదాం. కూడలి దాటి ఇళ్ళు పలచబడగానే, నవంబరు నెలైతే, కళ్ళు చెదిరిపోయే పసుపు. పెళ్ళిపందిట్లో ఆరేసిన పట్టుచీరల్లా మళ్ళకి మళ్ళు. వలిసెపూలు. పొద్దుతిరుగుడుకి చిట్టి చెల్లెల్లా వుంటుంది పువ్వు. వలిసె గింజలు గానుగాడితే నూనె వస్తుంది. కొండవాళ్ళు కూరలోకి వాడుకునే నూనె అదే. ఈ పూలమధ్య నిలబడి ఫొటో తీసుకోకుండా కిందికి దిగే ఆడపిల్ల వుండదు. ఇంతకీ ఈ మొక్కది పుట్టిల్లు ఎక్కడనుకున్నారు? ఆఫ్రికాలో ఇథియోపియా. ఎంత పూర్వం వచ్చిందంటే, వచ్చినట్టు మొక్కకే గుర్తులేదు. మన కొండ వలిసె అయిపోయింది. ఇంకో విచిత్రం. ఇండియా నుంచి ఈ గింజలు అమెరికాకి ఎగుమతి అవుతాయి. అక్కడివాళ్ళు పెరట్లో పిట్టలకి మేతగా వేలాడదీస్తారట. కొండమీది ఆవిడకి వంటనూనె, అమెరికా పిట్టకి ఫలహారం!

పొలాలు దాటి కొండవాలు దగ్గరికొస్తే అక్కడక్కడా జీలుగు చెట్లు. చూడగానే పోల్చుకోవచ్చు. తాటిచెట్టుకీ కొబ్బరిచెట్టుకీ దగ్గరి చుట్టం. ఆకు కొస చేప తోకలా చీలి వుంటుంది. పూలగెలలు మాత్రం విరబోసుకున్న జడలా బారెడు బారెడు కిందికి వేలాడతాయి. ఈ చెట్టు పూత పై నుంచి కిందికి దిగుతుంది. అట్టడుగు గెల కాసి పండిపోయాక చెట్టు చచ్చిపోతుంది. తలమీంచి ఒక్కొక్క నగా తీసి పిల్లలకి పంచిపెట్టి వెళ్ళిపోయే తల్లిలా అనిపిస్తుంది నాకు.

జీలుగు కల్లు అంటే మనం మొహం చిట్లిస్తాం. కొండవాళ్ళకి అది పండగా, పబ్బమూ, వేసవిలో సగం ఆహారమూ. తిండిగింజలు నిండుకున్న రోజుల్లో చెట్టు బోదెలోని గుజ్జుని పిండి చేసుకుని తిన్న రోజులూ వున్నాయి. అలాంటి చెట్టు మీద పన్ను వేస్తే ఏమవుతుంది? రంపలో మన్సబుదారు కల్లు గీసుకున్నందుకు 'చిగురుపన్ను' వసూలు చేసేవాడు. ఎంత అందమైన పేరో, అంత వికారమైన పన్ను. దానికి తోడు ఇంగ్లీషు ప్రభుత్వం కొత్త ఆబ్కారీ నిబంధనలు పెట్టి, ఇంటి వాడకానికైనా సరే కల్లు గీయకూడదంది. కల్లు హక్కులు కంట్రాక్టర్ల చేతికి పోయాయి. 1879 మార్చిలో రంపలో తిరుగుబాటు లేచింది. నెల రెండు నెలల్లో ఈ గొలుగొండ కొండలకి పాకింది. దాని నాయకుల్లో ఒకడైన తమ్మన్నదొర 1880లో పోలీసుల చేతిలో చచ్చిపోయాడు. అల్లూరి సీతారామరాజు పుట్టడానికి పదిహేడేళ్ళ ముందటి మాట ఇది. మన్యానికి పోరాటం ఎవరో వచ్చి నేర్పలేదు. ముందే వచ్చు.

ఇంకాస్త నడిస్తే ఎదురుగా కొండ మీద ముతక చీరకి వేసిన అతుకుల్లా, ఒకచోట పచ్చగా, ఒకచోట ఎర్రగా కనిపిస్తుంది. అవి పోడు మళ్ళు. పోడు అంటే, కొండవాలు మీద పొదలూ కొమ్మలూ నరికి ఎండబెట్టి, తగలబెట్టి, ఆ బూడిదలో చోళ్ళూ, సామలూ, కందులూ చల్లుకోవడం. రెండు మూడేళ్ళు పండించి, ఆ చోటు వదిలి ఇంకోచోటికి వెళ్ళడం. వదిలినచోట అడవి మళ్ళీ లేచేది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవికి హద్దురాళ్ళు పాతి 'రిజర్వు' అన్నారు. పోడుకి అడ్డుపడ్డారు. పశువుల మేతకీ, కట్టెపుల్లకీ కూడా అనుమతి కావలసి వచ్చింది. మన ఇంట్లోకి ఎవరో వచ్చి, వంటగదికి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుని "నన్నడిగి వండుకోండి" అంటే ఎలా వుంటుందో వూహించుకోండి. నలభయ్యేళ్ళ తరవాత రాజు వెనక నడిచినవాళ్ళు ఆ తాళం కిందే పెరిగిన పిల్లలు.

పోడు మాని కొండవాళ్ళు స్థిరంగా ఒకచోట పంట వేసుకోవాలని ప్రభుత్వాలకి ఎప్పటినుంచో కోరిక. తుపాకీతో కానిపని చివరికి ఒక మొక్కతో అయింది. రోడ్డుకి రెండు వైపులా ముదురాకుపచ్చ ఆకులతో, నడుమెత్తున, బుద్ధిగా వరసలు కట్టి నిలబడి వుంటుంది చూడండి. అదే ఆ మొక్క. కాఫీ!

పొద్దున లేవగానే మనకి ప్రాణం పోసే ఈ కాఫీ కూడా ఇథియోపియా నుంచి వచ్చిందే. వలిసెకి వూరి మనిషే. బాబా బుడన్ అనే సాధువు పదిహేడో శతాబ్దంలో మక్కా యాత్రనుంచి తిరిగివస్తూ ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడని కథ. మన కొండల్లోకి 1898లో వచ్చింది. తూర్పు గోదావరిలో పాములేరు లోయలో బ్రోడీ అనే తెల్లదొర నాటించాడు. అక్కణ్ణించి ఈ గూడెం కొండలకి పాకింది. 1960ల నుంచి అటవీ శాఖవారు తోటలు పెంచారు. అవి 1985లో అటవీ అభివృద్ధి సంస్థకి వెళ్ళాయి. తరవాత గిరిజనాభివృద్ధి సంస్థ మొక్కలిచ్చి గిరిజన రైతుల చేత సొంతంగా వేయించింది. 2019లో అరకు లోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

మార్చి, ఏప్రిల్ నెలల్లో నాలుగు చినుకులు పడితే చాలు, కాఫీ మొక్కలన్నీ ఒకేసారి పూస్తాయి. తెల్లగా, కొమ్మ పొడుగునా, ఎవరో తీరిగ్గా కూర్చుని మల్లెలు దట్టంగా మాలకట్టినట్టు. వాసన కూడా మల్లెవాసనే. నాలుగైదు రోజుల సంబరం. చలికాలానికి కాయలు పగడాల్లా ఎర్రబడతాయి. అప్పుడు తోటల్లో ఎక్కడ చూసినా ఆడవాళ్ళే. పండిన కాయ ఎంచి, పచ్చికాయ వదిలి, కొమ్మ విరగకుండా ఒక్కొక్కటే తుంచాలి. ఈ పని చెయ్యడానికి మన బియ్యంలో రాళ్ళేరేంత ఓపిక కావాలి. కాఫీ డబ్బా మీద ఆ వేళ్ళ బొమ్మ ఎక్కడా వుండదు.

కాఫీ నీడపట్టున పెరిగే మొక్క. దానికి గొడుగు పట్టడానికి సిల్వర్ ఓక్ చెట్లు తెచ్చారు. గాలి వీచినప్పుడు తలెత్తి చూడండి, ఆకు అడుగుభాగం వెండిలా తళుక్కుమంటుంది. ఆ చెట్టుది ఆస్ట్రేలియా. దాని బోదె పట్టుకుని పైకి ఎగబాకే తీగ మాత్రం మన దేశపు మిరియం. ఇథియోపియా మొక్కకి ఆస్ట్రేలియా చెట్టు గొడుగు పడితే, ఆ గొడుగుకర్రని మన మిరియం వాటేసుకుంది. ఐక్యరాజ్య సమితి అంటే ఇదేగదా!

మిరియం అంటే గుర్తొచ్చింది. 1780లలో మన సామర్లకోటలో విలియం రాక్స్‌బర్గ్ అని కంపెనీవారి డాక్టరు వుండేవాడు. రోగుల కంటే మొక్కల్ని ఎక్కువ చూశాడనుకుంటాను. రాజమండ్రి వైపు కొండల్లో అడవి మిరియం కనిపించేసరికి కంపెనీకి లాభం చూపించవచ్చని, దాన్ని తెచ్చి సామర్లకోటలో తోట వేశాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద పెద్ద పెద్ద రంగుబొమ్మలతో ఆయన తయారుచేసిన పుస్తకం 1795 నుంచి లండన్‌లో అచ్చయింది. నాకు నచ్చిన సంగతేమిటంటే, ఒక్కో మొక్కకీ లాటిన్ పేరుతోపాటు తెలుగువాళ్ళు ఏమంటారో కూడా ఆయన రాసుకున్నాడు. ఎవరినో అడిగే వుంటాడుగదా! అడవి నుంచి ఆకులు ఏరుకొచ్చే ఏ ముసలమ్మో ఆ పేర్లు చెప్పి వుంటుంది. డాక్టరుగారి పేరు మొక్కల పుస్తకాల్లో వుంది. ఆ ముసలమ్మ పేరు మళ్ళీ లేదు. రోడ్డు వేసిన కూలీలదీ, కాఫీ ఏరేవాళ్ళదీ, పేర్లు చెప్పిన ముసలమ్మదీ ఒకే కుటుంబంలా వుంది చూడబోతే.

అలాంటి ఒకావిడ తాజంగి సగం దారిలో నాకు కనబడింది. ఓ మోపు ఆకులు పక్కన పెట్టుకుని గట్టు మీద కూర్చుంది. నేను ఆకు చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూస్తున్నాను. మధ్యకి చీలి, ఒంటె గిట్టలా రెండు దళాలు. అడ్డాకు.

"ఏటమ్మా, ఆకునాగ సూస్తన్నావు? మీ కాడ నేదా?" అంది.

"వుందమ్మా, విస్తరి కుట్టినాక చూస్తాను. ఇలా విడిగా చూడటం ఇదే" అన్నాను.

నవ్వింది. పొద్దు పొడవకముందు అడవికి వెళితే పొద్దు వాలేసరికి ఓ మోపు అవుతుందట. తీగ చెట్లెక్కి పోతుంది గనక కిందికి అందే ఆకే కోసుకోవాలి. గింజలు కాల్చుకుని తింటారట. తీగనార తాళ్ళకి. "ఇది నేకపోతే మాకు పెళ్ళీ నేదు, సావూ నేదు" అంది. ఆలోచిస్తే మనకీ అంతేగదా! పెళ్ళి భోజనానికైనా, తద్దినానికైనా ఒకప్పుడు అడ్డాకు విస్తరే.

అక్కడ కూర్చునే లెక్క వేశాను, ఈ కొండ మా ఇంటికి ఎన్ని దారుల్లో వస్తోందా అని. తలంటుకి కుంకుళ్ళు, దగ్గుకి కరక్కాయ, పచ్చడికి ఉసిరి, చారులోకి చింతపండు, కూరలోకి పసుపు, మందులోకి తేనె, వాకిలి ఊడవడానికి కొండచీపురు. విశాఖపట్నంలో గిరిజన సహకార సంస్థ అని 1956లో పెట్టారు. దళారుల బారిన పడకుండా కొండవాళ్ళ దగ్గర ఈ సరుకంతా కొనడం దాని పని. ఆ దుకాణాల్లో మనం కొనే సీసా, పొట్లం వెనకాల పొద్దు పొడవకముందు అడవికి బయల్దేరిన ఆడమనిషి ఒకతె వుంటుంది. చీపురు బేరమాడేముందు ఇది గుర్తొస్తే మంచిది.

ఇక్కడి వూళ్ళ పేర్లు కూడా చెట్ల పేర్లే. చింతపల్లిలో చింత వుంది. అడ్డతీగల పేరులో ఈ అడ్డతీగే వుంది. 1922 అక్టోబరు 15న సీతారామరాజు చెప్పి మరీ వెళ్ళిన పోలీసు స్టేషను ఆ అడ్డతీగలదే. ముందుగా కబురు పంపి, బాణానికి మిరపకాయలు కట్టి వేసేవాడని, దాన్ని మిరపకాయ టపా అనేవారని చెప్పుకుంటారు. ఆ మిరపకాయ మాత్రం ఏ వూరిదనుకున్నారు? అమెరికా ఖండానిది. పోర్చుగీసువాళ్ళు ఓడల్లో తెచ్చారు. తెల్లవాళ్ళు తెచ్చిన కాయతోనే తెల్లవాళ్ళకి ఘాటు చూపించారన్నమాట!

అమెరికా నుంచి ఈ కొండకి వచ్చిన చుట్టాలు చాలామందే వున్నారు. చింతపల్లి, లంబసింగి చుట్టుపక్కల రాజ్మా బాగా పండుతుంది. ఉత్తరాదివాళ్ళు తమ సొంతమనుకునే రాజ్మా పుట్టుక అమెరికా ఖండంలోనే. మిఠాయిలకి రంగునిచ్చే జాఫ్రా కూడా అంతే. ఇటీవలి సంవత్సరాల్లో లంబసింగిలో స్ట్రాబెర్రీ తోటలు వెలిశాయి. పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళి చేత్తో కోసుకోవచ్చు. ఈ పండు కథ నవలకి పనికొస్తుంది. ఫ్రెజియే అనే ఫ్రెంచి ఇంజనీరుని స్పెయినువాళ్ళ కోటల గుట్టు తెలుసుకు రమ్మని దక్షిణ అమెరికాకి పంపారు. అతను 1714లో కోటల పటాలతోపాటు చిలీ నుంచి స్ట్రాబెర్రీ మొక్కలు పట్టుకొచ్చాడు. అవి ఉత్తర అమెరికా రకంతో కలిసి, ఫ్రాన్సు తోటల్లో ఇప్పటి పెద్ద పండు పుట్టింది. గూఢచారి తెచ్చిన మొక్క మనవరాలు మా లంబసింగిలో కాపురం పెట్టింది.

వచ్చిన చుట్టాలందరూ మంచివాళ్ళే అనుకోకండి. దారి పొడుగునా చిన్న చిన్న పూలగుత్తులు, ఒకే గుత్తిలో పసుపూ, గులాబీ, నారింజ. చూడ్డానికి ఎంతో ముద్దొస్తుంది. చేత్తో పట్టుకుంటే గీరుకుపోతుంది. పులికంప. ఇదీ అమెరికా ఖండపుదే. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో కలకత్తా తోటలో అలంకారానికని పెంచారు. గోడ దూకి దేశమంతా పాకింది. దీని కింద గడ్డి మొలవదు. పశువులు మేయవు. అడ్డతీగ పాకవలసిన చోట ఇది పాకుతోంది. అడవికి హద్దురాళ్ళు పాతినవాళ్ళు ఈ మొక్కకి మాత్రం ఏ హద్దూ పెట్టలేకపోయారు.

పరాయి మొక్కలంటే నాకేమీ కోపం లేదు సుమండీ. వలిసె వచ్చి వంటనూనె అయింది. మిరపకాయ లేని మన వంటే లేదు. కాఫీ లేనిదే నాకు కథ కదలదు. మొక్క ఎక్కణ్ణించి వచ్చిందన్నది పెద్ద ప్రశ్న కాదు. ఎవరడిగితే వచ్చింది, ఆ నేలమీద వున్నవాళ్ళ మాట ఎవరైనా అడిగారా అన్నదే ప్రశ్న. వలిసెని కొండవాళ్ళు తమ చేతులతో తమ మడిలో చల్లుకున్నారు. చిగురుపన్నునీ, హద్దురాయినీ వాళ్ళనడిగి పెట్టలేదు. కాఫీ ఈ రెంటికీ మధ్యలో వుంది. మొదట సర్కారు తోటగా వచ్చింది. కూలీలుగా ఏరినవాళ్ళే ఇప్పుడు రైతులై తమ తోటలో తాము ఏరుకుంటున్నారు.

అందులో ఆడవాళ్ళకి సంబంధించిన మంచిమాట ఒకటుంది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2005 డిసెంబరు 13కి ముందునుంచీ అడవిలో సాగుచేసుకుంటున్న గిరిజనులకి ఆ భూమి మీద హక్కుపత్రం ఇవ్వాలంది. పెళ్ళయినవాళ్ళకైతే భార్యాభర్తలిద్దరి పేరా ఇవ్వాలని చట్టంలోనే రాశారు. 1882 నాటి తాళంచెవిలో కొంతైనా, 124 ఏళ్ళ తరవాత, ఇంటి ఇల్లాలి చేతికి వచ్చిందన్నమాట. కాగితం మీద రాసినదంతా కొండెక్కడానికి సమయం పడుతుంది. అయినా కాగితం మీద ఒక ఆడమనిషి పేరు పడటం చిన్న విషయం కాదు. ఈ దారిలో పేరు లేనివాళ్ళ గురించి ఇంతసేపు చెప్పాక నాకది మరీ పెద్ద విషయంగా కనిపిస్తుంది.

తాజంగి వచ్చేస్తాం. కొండల మధ్య పళ్ళెంలో పోసినట్టు నీళ్ళు. మధ్యాహ్నం వేళ గాలి ఆగితే కొండా, మబ్బూ, గట్టు మీది చెట్టూ రెండేసి కనిపిస్తాయి. ఈ తాజంగిలోనే అల్లూరి సీతారామరాజు, గిరిజన స్వాతంత్ర్య యోధుల పేర మ్యూజియం నిర్మాణం చేపట్టారు. 2022 ఏప్రిల్ 4న ఈ కొండలన్నిటికీ రాజు పేరుతోనే జిల్లా కూడా వచ్చింది. మ్యూజియంలో విల్లంబులూ, తుపాకులూ, విగ్రహాలూ ఎలాగూ పెడతారు. నన్నడిగితే వాకిట్లో ఒక జీలుగుచెట్టూ, ఒక అడ్డతీగా, పక్కన ఓ చిన్న వలిసె మడీ పెట్టమంటాను. చరిత్ర పుస్తకం చదవని పిల్లలు కూడా చెట్టెక్కి చదువుకుంటారు. గోడ మీద ఒక పలక ఖాళీగా వుంచి, నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేసిన కూలీలది అని కింద రాయమంటాను. పేర్లు లేకపోతే పోయె, చోటైనా వుండాలిగదా!

ఇప్పుడు ఆ కొండల మీదుగా 516-ఈ జాతీయ రహదారి వస్తోంది. రోడ్లు వెడల్పు చేసే యంత్రాలు కొండని తొలుస్తున్నాయి. రోడ్డు వద్దనడానికి నేనెవర్ని? పురుడు కష్టమైన ఆడమనిషిని డోలీలో మోసుకుపోయే చోట రోడ్డు విలువ నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. నూరేళ్ళ క్రితం రోడ్డు వాళ్ళ వీపుల మీద పడింది. ఈసారి వాళ్ళ కాళ్ళకిందికి రావాలి, అంతే.

మీరు వెళ్ళేటట్టయితే నవంబరు చివర వెళ్ళండి, వలిసె పూస్తుంది. లేదా వేసవి మొదట్లో ఒక వాన పడ్డాక వెళ్ళండి, కాఫీ పూస్తుంది. అప్పుడు మంచు వుండదు, జనమూ వుండరు. దారిలో ఎవరైనా అడ్డాకుల మోపుతో ఎదురైతే బేరమాడకుండా కొని, ముందుగా ఆవిడ పేరడగండి.